ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కినవాళ్లు

దర్జీ తాతను బైపాసులో దించేసింది కండక్టరమ్మే. పట్టపగలు, బస్సు నిండా జనం చూస్తుండగా, చెయ్యి పట్టుకుని మరీ దించింది.

"అమ్మాయ్, ఇక్కడేముంది? ముళ్లకంపా, మైలురాయీ. నా రక్తం ఆసుపత్రిలో కడగాలి గానీ మైలురాయి కడుగుతుందా?" అన్నాడు తాత. అంత నీరసంలోనూ వేళాకోళం మానలేదు.

"ఏం చెయ్యను తాతా! పదిహేను రోజులు ట్రయలట. పల్లె బస్సులన్నీ ఇక్కణ్ణుంచే వెనక్కి తిరగాలని ఆర్డరు. దాటితే నా ఉద్యోగం ఊడుతుంది."

"నీ ఉద్యోగం ఊడకూడదులే. దిగుతా," అని చేతిసంచి చంకన పెట్టుకుని దిగాడు.

ఆసుపత్రి ఇంకా ఆరు కిలోమీటర్లు. ఉన్న నాలుగు ఆటోలూ మిల్లుకు పోయే ఆడవాళ్లను కుక్కుకుని వెళ్లిపోయాయి. కండక్టరమ్మ విజిల్ వేసింది, బస్సు తిరిగింది. వెనకద్దంలోంచి చూస్తే తాత ఎండలో నడుస్తున్నాడు.

అతను చేరేసరికి డయాలసిస్ వరస దాటిపోయింది. రెండు రోజులాగి రమ్మన్నారు. రెండో రోజు తెల్లారేసరికి తాత లేడు.

ఈ కబురు డ్రైవరు బాబాయ్ చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఆ రూటులో బండి తోలుతున్న మనిషి. "నువ్వు దించకపోతే నిన్ను దించేవాళ్లే తల్లీ," అన్నాడు ఓదార్పుగా. ఆమెకు ఆ మాట ఓదార్పు కాలేదు.

అసలు సంగతి వినండి. మొదట్లో అందరికీ సంతోషమే. బస్సు ముఖం ఎరగని నలభై పల్లెలకు కొత్త సర్వీసులు వేస్తామన్నారు. ఎవరు కాదంటారు? ఆ పల్లెల ఆడపిల్లలు పురిటికి ట్రాక్టర్లలో వస్తున్నారాయె. ఊరి నడుమనున్న పాత బస్టాండు ఇన్ని బస్సులకు చాలదు, కొత్తది కట్టాలి. అదీ నిజమే. ఎక్కడ కట్టాలన్న దగ్గరే పేచీ. ఆసుపత్రి పక్కన పాత గోదాముల స్థలం ప్రభుత్వానిదే, ఖాళీగా పడి ఉంది. దానికెదురుగా బట్టల మిల్లు. కానీ బైపాసులో ఊళ్లో పెద్ద కాంట్రాక్టరొకాయన కొన్న పొలాలున్నాయి. ఆ పొలాల మధ్య బస్టాండు పడితే వాటి రాతే మారిపోతుంది. ఆయన కావాలంటే కొండ మీది కోతినైనా దింపుకొచ్చి ఇచ్చే అధికారులున్నారు ఆ ఊళ్లో.

డిపోలో కండక్టర్ల విశ్రాంతి గదిలో మీటింగు పెట్టారు. నాలుగు బల్లలు, గోడకు మేకులు, మేకులకు ఖాకీ చొక్కాలు. యూనియన్ సెక్రటరీ కాగితం విప్పాడు.

"సోమవారం ప్రజాభిప్రాయ సేకరణ. ఇదిగో, ఆర్నెల్ల టికెట్ల వివరం తీశారు. పల్లె బస్సులెక్కేవాళ్లు నూటికి డెబ్బై మంది బైపాసులోనే ఎక్కుతున్నారట. అందుకని బస్టాండు అక్కడే ఉండాలట."

గదిలో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎందుకో తెలుసా? ఆ డెబ్బై మందినీ బైపాసులో ఎక్కించింది వాళ్లే, మిషన్లో.

పాత బస్టాండు గేటు దాటేటప్పుడు కండక్టరు ఆ చోటును, వాళ్ల భాషలో స్టేజీని, టికెట్ మిషన్లో మూసేయాలి. మూశాక తెరుచుకునేది బైపాసు స్టేజీయే. మధ్యలో ఎక్కడా బస్సు ఆపకూడదని రూలు. కానీ ఆసుపత్రి గేటు దగ్గర కట్లతో, కర్రలతో, పసిపిల్లలతో నిలబడి చెయ్యెత్తేవాళ్లను చూసి ఆపకుండా ఎలా పోతారు? షిఫ్టు దిగి, కాళ్లు పీక్కుపోతూ నిలబడ్డ మిల్లు ఆడవాళ్లను వదిలి ఎలా పోతారు? ఆపేవాళ్లు. ఎక్కించుకునేవాళ్లు. చెకింగ్ వాళ్లకు దొరక్కుండా, బైపాసు వచ్చాక అక్కడ ఎక్కినట్టు టికెట్లు కొట్టేవాళ్లు. కొత్తగా చేరిన కండక్టరుకు పాతవాళ్లు మొదటిరోజే నేర్పే విద్య ఇది. మనసున్నవాళ్లు చేసిన పని, కాగితం మీదికొచ్చేసరికి కాంట్రాక్టరు చేతికి కత్తయింది.

"మన వేలితో మన కన్నే పొడుచుకున్నాం," అంది కండక్టరమ్మ, పైకే.

"నెమ్మది! గోడలకు చెవులుంటాయి," సెక్రటరీ కసిరాడు. "బస్సు ఆపకూడని చోట ఆపడం ఒకటి, తప్పుడు స్టేజీ కొట్టడం రెండు. ఒప్పుకుంటే ఒక్కొక్కడికీ ఎన్ని చార్జిషీట్లొస్తాయో తెలుసా? బతుకంతా జవాబులు రాసుకుంటూ కూర్చోవాలి. నలుగురితో నారాయణా. నోరు మూసుకుందాం."

"మరి దర్జీ తాత సంగతో?" అన్నాడు బాబాయ్.

"తాతను మనం చంపామా?"

"తిలాపాపం తలా పిడికెడు. బ్రేకు వేసింది నేను. విజిల్ కొట్టింది ఇది. ట్రయలుకు సరేనని సంతకం పెట్టొచ్చింది నువ్వు."

సెక్రటరీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒకరి వెనక ఒకరు చొక్కాలు తగిలించుకుని బయటపడ్డారు.

ఆ గదిలో అన్న మాటను ఎవరు మోశారో గానీ, ఆమె డ్యూటీ దిగి ఇంటికెళ్లేసరికి ఒక మనిషి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతున్నాడు. కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడట. ఎంత మర్యాద! "అక్కా" అని తప్ప పిలవడు.

"నీ పర్మనెంటు ఆర్డరు వచ్చే నెలేగా అక్కా? తొమ్మిదేళ్ల కష్టం. దాన్నిప్పుడు నోరుజారి పోగొట్టుకోకు. మీ అమ్మాయి బడికి ఆ మలుపు మీదుగానే నడిచెళ్తుంది కదూ? లారీలు తిరిగే రోడ్డు. కాస్త చూసి వెళ్లమను."

గ్లాసు జాగ్రత్తగా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. గారేజీలో జాకీ జారి నడుము పడిపోయిన మొగుడు మంచం మీంచి అంతా విన్నాడు.

"కొరివితో తల గోక్కోకే," అన్నాడు. "నీ జీతం తప్ప ఈ ఇంట్లో ఇంకేముంది? నేను లేవలేను. పిల్లనేమైనా చేస్తే అడ్డంపడ్డానికైనా లేవలేను."

"నేను మాట్లాడతానని ఎవరన్నారు?"

"నీ మొహం అంటోంది."

ఆమె గోడకేసి తిరిగి కూర్చుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అదీ ఆమె పరిస్థితి. మాట్లాడితే పిల్ల, మాట్లాడకపోతే రేపు ఇంకో తాత. నేను మాట్లాడను, నాకు భయం, అని తనలో తాను పదిసార్లు అనుకుంది. సోమవారం దాకా ప్రతిరోజూ అనుకుంటూనే ఉంది. పిల్లను పొద్దున్నే తనే బడిదాకా దింపింది, వెనకెక్కడ లారీ మోత వినిపించినా దాని చెయ్యి విరిగేలా పట్టుకుంది.

సోమవారం పదకొండింటికి సభ. హాలు నిండా మిల్లు ఆడవాళ్లు, ఆసుపత్రి ఆయాలు, కాలేజీ పిల్లలు, పల్లెలవాళ్లు. ముందు వరసలో కాంట్రాక్టరు, ఆయన చుట్టూ కండలు తిరిగిన మనుషులు. కండక్టర్లను రమ్మని ఎవరూ పిలవలేదు. అయినా గోడవారన ఖాకీ చొక్కాలు బారుగా నిలబడ్డాయి. భయపడేవాళ్లకు ఇంట్లో కూర్చుంటే ఇంకా భయం.

పెద్దాఫీసరు తెరమీద గీతలు చూపిస్తూ చెప్పాడు, "నూటికి డెబ్బై మంది బైపాసులోనే ఎక్కుతున్నారు."

మిల్లు ఆడవాళ్లలో పెద్దక్క లేచింది. ఆమె గొంతు మగ్గాల మోతలో అరిచి అరిచి మొరటుదేలింది. "ఎవరయ్యా అక్కడెక్కేది? దెయ్యాలా? ఇరవై రెండేళ్లుగా నేను ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కుతున్నా."

"ఆసుపత్రి గేటు దగ్గర స్టాపే లేదమ్మా. మీరు ఎలా ఎక్కుతారు? మనుషులు ఏదైనా చెప్తారు, మిషను అబద్ధం చెప్పదు."

ముందు వరస నవ్వింది. పెద్దక్క గోడవారనున్న ఖాకీ చొక్కాల వైపు చూసింది. అడగలేదు. అడిగితే వాళ్ల పని ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్లు తనను ఎక్కించుకున్నవాళ్లను అప్పగించడానికి ఆమెకు నోరు రాలేదు. మెల్లగా కూర్చుండిపోయింది.

అలా కూర్చోవడం చూసి తట్టుకోలేకపోయింది కండక్టరమ్మ.

"మిషను అబద్ధం చెప్తోంది," అంది. ఎవరికీ వినిపించలేదు. గోడ వదిలి ఒకడుగు ముందుకేసింది. "మిషను అబద్ధం చెప్తోందండీ! అబద్ధం నేను కొట్టాను. ఆసుపత్రి గేటు దగ్గర ఎక్కించుకుని బైపాసు టికెట్టు కొట్టాను. తొమ్మిదేళ్లనుంచీ కొడుతున్నాను."

కాంట్రాక్టరు వెనక్కి తిరిగి, ఆమెను కాళ్లనుంచి తలదాకా చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి మర్యాదగా మాట్లాడిన మనిషి అతని పక్కనే ఉన్నాడు. కూతురి జడ, బడిసంచి, రోడ్డు మలుపు, అన్నీ ఆమె కళ్లముందు తిరిగాయి. అన్న మాట వెనక్కి తీసుకుంటే బాగుండునని నిజంగానే అనిపించింది.

ఆఫీసరు తెలివైనవాడు. మెత్తగా అడిగాడు, "నువ్వొక్కదానివేనా, ఇంకా ఎవరైనా ఉన్నారా? పేర్లు చెప్పు. నీ సంగతి చూసీచూడనట్టు పోనిస్తాం."

"నేనొక్కదాన్నే."

"అది అబద్ధం సార్," అన్నారెవరో గోడవార నుంచి. ఇంకో నెలలో రిటైరయ్యే ముసలి కండక్టరు. "దానికి నేర్పింది నేను."

"నేనూ కొట్టాను," అన్నాడు ఇంకొకడు. ఆ తర్వాత ఎవరు ఎప్పుడన్నారో తెలియలేదు. "నేనూ." "నన్నూ రాసుకోండి." సెక్రటరీ మాత్రం తలవంచుకుని, చొక్కా గుండీ తిప్పుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి, "సరే, చచ్చినట్టు నేనూ," అన్నాడు విసుగ్గా.

"మరి ఆ టికెట్లు పట్టుకుని తిరిగింది మేము," పెద్దక్క మళ్లీ లేచింది. ఈసారి ఆమె వెనక అన్ని వరసలూ లేచాయి. "మమ్మల్నీ పట్టుకోండి. రికార్డు కొట్టేసి మళ్లీ రాసేదాకా ఇక్కణ్ణుంచి కదలం!"

ముందువరసలోని కండలు ముందుకొచ్చాయి. కుర్చీలు లేచాయి. ఒక ఆయా నుదురు చిట్లింది. పోలీసులొచ్చి, కొట్టినవాళ్లను వదిలేసి, రికార్డులు తారుమారు చేసిన నేరమని, సభను ఆటంకపరిచిన నేరమని దెబ్బలు తిన్నవాళ్లను పట్టుకున్నారు. ఇది ఎక్కడైనా ఇంతే లెండి.

పట్టుబడ్డవాళ్లు నలభై ముగ్గురయ్యారు. వ్యానులో పదిహేనుమందే పడతారు. డిపోకు ఫోను చేసి బస్సు తెప్పించారు. బస్సు తెచ్చింది డ్రైవరు బాబాయే. ఠాణాకు పోవాలంటే ఆసుపత్రి మీదుగానే దారి.

కండక్టరమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పెద్దక్క ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "పిల్ల..." అంది కండక్టరమ్మ. "కాంట్రాక్టరు మనుషుల బెదిరింపులు మాకూ తెలుసు. మా షిఫ్టు వాళ్లు ఆరుగురు బడి దగ్గరికెళ్లారు. మా ఇంటికి తీసుకొస్తారు. నువ్వు ఊపిరి పీల్చు," అంది పెద్దక్క.

ట్రయలు గడువు ముగిసింది కాబట్టి ఆసుపత్రి గేటు దగ్గర మళ్లీ ఎప్పటిలాగే జనం. బస్సును చూసి చేతులెత్తారు. బస్సు ఆగింది.

"ఏయ్! ఎందుకాపావ్?" ఇన్‌స్పెక్టరు గావుకేక పెట్టాడు.

"ముప్పై ఏళ్ల అలవాటు సార్. ఇక్కడికొచ్చేసరికి కాలు బ్రేకు మీద పడిపోద్ది."

పోలీసులు తేరుకునేలోపు జనం పొలోమని ఎక్కేశారు. లోపల తుపాకీలు చూసి బిత్తరపోయారు. పెద్దక్క విషయం చెప్పింది. పసిబిడ్డతో ఉన్న తల్లి గబగబా దిగిపోయింది, ఆమెను తప్పుపట్టడానికి లేదు. చేతికి కట్టున్న రైతు ఒకడు దిగబోయి, మెట్టు మీద ఆగి, "బైపాసులో నడిచి చచ్చిపోయిన దర్జీ మా ఊరోడే," అని మళ్లీ లోపలికొచ్చి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కానిస్టేబులు లాగాడు, రాలేదు. మరో ఇరవైమందీ రాలేదు. విసిగిపోయి ఇన్‌స్పెక్టరు పోనిమ్మన్నాడు.

ఠాణాలో కేసులు రాసే రైటరు తల పట్టుకున్నాడు. నలభై ముగ్గురని చెప్పారు, అరవై నలుగురు దిగారు. ఏ ఒక్కరు ఎక్కువైనా తన మెడకే చుట్టుకుంటుంది. అందుకని ఎక్కువైనవాళ్లను వరసలో నిలబెట్టి వాంగ్మూలం రాశాడు.

"ఈ బస్సు ఎక్కడెక్కావ్?"

"ఆసుపత్రి గేటు దగ్గర."

"నువ్వు?"

"ఆసుపత్రి గేటు దగ్గర."

రాస్తున్నాడు, వేలిముద్రలు వేయిస్తున్నాడు, ఠాణా ముద్ర గుద్దుతున్నాడు. తానేం రాస్తున్నాడో అతనికి తెలియదు. గోడవారన కూర్చున్న ఖాకీ చొక్కాలకు తెలిసింది. అక్కడ లేని స్టాపు ఒక్కొక్క కాగితంగా సర్కారు దస్త్రంలోకి ఎక్కుతోంది. ముసలి కండక్టరు ఏడుస్తూ నవ్వుతున్నాడు.

చివరికి కండక్టరమ్మ వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి ఇంకో కాగితం ఆమె ముందు పెట్టాడు. సభలో అన్నది ఉద్రేకంలో అన్నానని, నిజం కాదని రాసి ఉంది. సంతకం పెడితే ఇప్పుడే ఇంటికి పోవచ్చు, ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంటుంది.

ఆమె కాగితం చదివింది. మొగుడు గుర్తొచ్చాడు, మంచం గుర్తొచ్చింది. ఠాణా గేటు బయట మిల్లు రెండో షిఫ్టు వాళ్లు పనికి పోకుండా వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకామె భుజం మీద కండక్టరమ్మ కూతురు కూర్చుని లోపలికి తొంగిచూస్తోంది.

కాగితం వెనక్కి నెట్టి, రైటరు వైపు తిరిగింది.

"రాసుకోండి. నేను ఎక్కలేదు, ఎక్కించాను. తొమ్మిదేళ్లు. ఆసుపత్రి గేటు దగ్గర. రేపు బయటికొస్తే మళ్లీ అక్కడే ఆపిస్తాను, అదీ రాయండి."

రైటరు రాశాడు. ఆమె సంతకం పెట్టింది.