పొగ లేని పప్పు

రేపు మీ వంటిల్లు చూడ్డానికి వస్తానని కీర్తి ఫోన్ చేసింది. అంతే, ప్రమీల గుండెల్లో రాయి పడింది.

సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాల మీద పనిచేసే తెలంగాణ వాళ్ళకి రెండు పూటలా అన్నం పెట్టే మెస్సు ఆమెది. మెస్సంటే పెద్ద మాట. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఇటుకలు పేర్చి మట్టితో మెత్తిన పెద్ద పొయ్యి. ఆ పొయ్యికి మేత మగ్గాల దగ్గర మిగిలిపోయిన గుడ్డ ముక్కలు. చిందీ అంటారు ఇక్కడ. పాలిస్టరో నైలానో, ఏదైనా మండుతుంది. మండినంతసేపూ నల్లటి పొగ. గ్యాసు మీద వండితే ఆ ఖర్చుకి మెస్సు నడవదని వాడకట్టులో అందరికీ తెలుసు.

కీర్తి ఏదో పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. ఊళ్ళో ఎవరు దేని మీద వండుతున్నారు, ఎంత పొగ పీలుస్తున్నారు అని కొలిచి ప్రభుత్వానికి రిపోర్టు ఇస్తారట. ఆ మాట వినగానే ప్రమీల మొగుడు పరుశురాం ఉధ్నాలో చాయ్ బండి దగ్గర నలుగురినీ అడిగాడు. నలుగురూ తెలియదన్నారు. అడగకుండానే చెప్పిన అయిదోవాడి మాట నమ్మి ఇంటికొచ్చాడు.

"పొగ వొచ్చే మెస్సులకు తాళాలేస్తరట. రిపోర్టు గందుకేనట."

"అయితే పొయ్యి ఆ పిల్ల కంట్ల పడొద్దు," అంది ప్రమీల.

పరుశురాంకి ఏ పని చెప్పినా అతిగా చేసే గుణం. పొయ్యి మీద గోనెపట్టా కప్పినా సరిపోయేది. అతను తెల్లారగానే గడ్డపార తెచ్చి దాన్ని కూలగొట్టాడు. మట్టిపెళ్ళలు మోరీ పక్కన పోసి, ఇటుకలు మూలకు పేర్చి, మసి పట్టిన గోడకి సున్నం కూడా కొట్టాడు. ప్రమీల ఇరుగుపొరుగుని బతిమాలి, సాయంత్రానికి తిరిగిచ్చే షరతు మీద గ్యాసు సిలిండర్లూ స్టవ్వులూ తెచ్చింది. షెడ్డు పండగ రోజు ఇల్లులా మెరిసింది.

కీర్తి చెప్పిన వేళకే వచ్చింది. అడాజన్‌లో ఉండే రైల్వే ఉద్యోగి కూతురు, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ప్రమీల మెడలో ఒక చిన్న డబ్బా వేలాడదీసింది.

"మీరు పీల్చే గాలిలో పొగ ఎంతుందో ఇది కొలుస్తుంది ఆంటీ. మీరు రోజూలాగే వండండి, బస్, అంతే."

రోజూలాగే! ప్రమీల లోలోపల నవ్వుకుంటూ గ్యాసు వెలిగించింది. వంట చకచకా అయిపోయింది. మగ్గాల వాళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. కీర్తికి కూడా అదే వరసలో కంచం పెట్టింది. మగ్గాల వాళ్ళలో ఒకడు, మల్లేష్, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం అదోలా పెట్టాడు.

"ఏందక్కా, పప్పు గిట్ల సప్పగున్నది? పొగ వాసననే లేదు."

ప్రమీల కళ్ళురిమింది. మల్లేష్ ఆమె వైపు చూస్తే కదా!

"అరె, గోడ గూడ తెల్లగైంది. మన పొయ్యి ఏది? ఇంట్ల పెండ్లి గిట్ల ఉన్నదా ఏంది?"

కీర్తి చెయ్యి ఆగిపోయింది. ఇక దాచి లాభం లేదనుకుంది ప్రమీల.

"అబద్ధమాడిన బిడ్డా. పొద్దుగాలనే పొయ్యి కూలగొట్టించిన. జర నా మెస్సు మూయించకు. నాకు ఇంకో పని రాదు."

"మూయించడమేంటి ఆంటీ?" కీర్తి తల పట్టుకుంది. "పొగ ఎక్కువున్న మెస్సులకి ముందుగా కరెంటు పొయ్యిలు ఇవ్వమని రాయబోతున్నాం. మీ డబ్బాలో చూస్తే పొగే లేదు."

"గా ముక్క నిన్న ఫోన్ల చెప్తే నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?" ప్రమీలకి నిజంగానే కోపం వచ్చింది.

"ముందే చెబితే లేని పొగ కూడా పెడతారని చెప్పొద్దన్నారు ఆంటీ."

అదీ నిజమే. చెప్పి ఉంటే పరుశురాం ఉన్న పొయ్యి పక్కన ఇంకో పొయ్యి కట్టి ఉండేవాడు.

"అయితే రేపు మల్ల రా."

"కుదరదు. ఒక ఇంటికి ఒక్క రోజే, అది మా రూల్." కీర్తి కాస్త ఆలోచించింది. "రాత్రి భోజనాలకి మళ్ళీ వండుతారుగా? రోజు ఇంకా అయిపోలేదు. నేను ఇక్కడే కూర్చుంటాను."

మధ్యాహ్నమంతా పరుశురాం మట్టి పిసికి పొయ్యి కట్టాడు. సాయంత్రం సిలిండర్ల వాళ్ళొచ్చి ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. ప్రమీల మెడలో మళ్ళీ డబ్బా వేసుకుని, తడి ఆరని పొయ్యిలో చిందీ కూరింది.

"జర ఎక్కువెయ్యాల్నా?"

"వద్దు. రోజూ ఎంతేస్తే అంతే."

పొగ లేచింది. కొత్త సున్నం చూస్తుండగానే మాసింది. కీర్తి దగ్గుతూ గుమ్మం బయటికి పరుగెత్తి, కొంగుతో కళ్ళొత్తుకుంది. ప్రమీల కదల్లేదు, అలవాటైన మనిషి. పొగకి డబ్బా కీచుకీచుమంటూనే ఉంది. పప్పు ఉడికేదాకా అది ఆగలేదు.

వంటయ్యాక కీర్తి డబ్బా తీసి, ఫోన్లో లెక్క చూసి అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది? తక్కువొచ్చిందా?" ప్రమీల కంగారు పడింది.

"లేదు. ఇప్పటిదాకా చూసిన మెస్సులన్నిట్లో మీదే ఎక్కువ."

"ఏమయ్యో, విన్నవా! మనమే ఫస్టు!" ప్రమీల సంబరంగా మొగుణ్ణి కేకేసింది.

కీర్తి నవ్వలేదు. "ఎన్నాళ్ళ నుంచి వండుతున్నారు ఆంటీ, దీని మీద?"

"సూరత్ వొచ్చినకాంచి. మా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు..."

ప్రమీల చెబుతూ చెబుతూ ఆగిపోయింది. చెయ్యి తనంతట తనే ఛాతీ మీదికి, ఇందాక డబ్బా వేలాడిన చోటికి పోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకి ఆ పొయ్యిని చూస్తే భయమేసింది.

వరసలో కూర్చున్న మల్లేష్ అప్పటికే పప్పన్నం కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు.

"గిప్పుడు మంచిగున్నదక్కా," అన్నాడు.