గేటు దగ్గర సుద్ద గీత

సాయంత్రమయ్యేసరికి నా చెవులు వీధి మలుపు దగ్గరే ఉంటాయి. అక్కడ మా ఆయన సైకిలు బెల్లు రెండుసార్లు మోగుతుంది. ఒకటి నాకు, రెండోది పిడుగుకి అంటారాయన. ఆ రెండోది లేకుంటే ఎంత బాగుండేదో.

పిడుగు మా ఆయన అక్క కూతురు, ఎనిమిదేళ్లది. వాళ్లు మా పక్క వాటాలోనే ఉంటారు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ చూస్తున్నాను, నేను జడ సవరించుకుని బయటికొచ్చేలోపు అది గేటు దగ్గర ఉంటుంది. సుద్దముక్కతో నేల మీద గీత గీసి, "మామయ్యా, అక్కడే ఆగు" అంటుంది. పాత బ్యాటరీలు విప్పే షెడ్డులో అందరినీ గదమాయించే మేస్త్రీ, దాని ముందు బుద్ధిగా ఆగుతారు. చొక్కా విప్పి బకెట్లో వేయాలి. పంపు దగ్గర చేతులు, మొహం, మెడ కడుక్కోవాలి. మగ్గుతో నీళ్లు పోసేది అదే.

"అత్తా, నువ్వు గీత దాటకు" అని నాకూ ఒక ఆజ్ఞ.

ఒళ్లు మండిపోయేది.

"మీ మేనకోడలు మన మధ్య సరిహద్దు గీస్తోంది" అన్నాను ఒకరోజు.

"ఆటే కదా, పోనిద్దూ."

"అయితే నన్నూ ఆడనివ్వమనండి."

"చిన్నపిల్లతో పోటీనా?" అని నవ్వారు. ఆ నవ్వంటే నాకు ప్రాణం. అందుకే ఇంకా ఉడుకుమోత్తనం వచ్చింది.

మర్నాడు పిడుగు బడి నుంచి ఆలస్యంగా వచ్చింది. ఈలోపు బెల్లు మోగింది. నేను పాత గీతను కాలితో తుడిచేసి, గేటు దాటి వెళ్లి, చొక్కాతో సహా ఆయన్ని వాటేసుకున్నాను. ఇనుమూ చెమటా కలిసిన ఆ వాసన ఎంత బాగుందో. ఆ చొక్కాను విప్పించి, గెలిచిన జెండాలా తెచ్చి మా దిండు మీద పడేశాను.

పిడుగు వచ్చి చూసింది. అలుగుతుందనుకుని సంతోషించడానికి సిద్ధంగా ఉన్నాను. అది దిండు వైపు వేలు చూపించింది.

"దిండు మీద వేశావా? ఇంక ఆ దుమ్ము మీ ముక్కుల్లోకి పోతుంది."

"ఏం దుమ్మే?"

"షెడ్డుది. అది చొక్కాలో పడుకుంటుంది. మీరు పడుకోగానే లేస్తుంది." ముక్కు ఎగబీల్చింది. "షెడ్డు వెనక కుక్కపిల్లలు పుట్టాయి కదా. ఆ బూడిదరంగు దుమ్ములోనే ఆడుకునేవి. తర్వాత కాళ్లు ఈడ్చుకుంటూ నడిచాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మామయ్య చొక్కా మీదా అదే రంగు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మకి చెప్తే నవ్వింది. నువ్వూ నవ్వుతావని చెప్పలేదు. నువ్వు కొత్తగా వచ్చావు కదా, నీకంటకూడదని గీత గీశా."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. నేను దిండు గలేబు తీసి చొక్కాతో పాటు బకెట్లో వేశాను. ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే రేపటినుంచి షెడ్డుకి పంపనన్నాను. "ఇద్దరూ ఒకటయ్యారా?" అని గొణిగారాయన.

మర్నాటి సాయంత్రం పిడుగు నా చేతికి తువ్వాలిచ్చింది.

"మగ్గు ఇవ్వవే" అన్నాను.

"మగ్గు నాది."

"సబ్బయినా ఇవ్వు."

చాలాసేపు ఆలోచించి ఇచ్చింది.

బెల్లు మోగింది. ఆయన కొత్త గీత ముందు ఆగి, చొక్కా విప్పి బకెట్లో వేసి, పంపు దగ్గర తల వంచారు.

"అత్తా, చెవుల వెనక ఇంకా దుమ్ముంది, చూడు" అంది పిడుగు. "మామయ్య చెవుల్లో బంగాళాదుంపలు పండించుకోవచ్చు."

ఆయన పగలబడి నవ్వారు. నా మాటలకు అంతగా ఎప్పుడూ నవ్వలేదు. చెవుల వెనక రుద్దాను. కాస్త గట్టిగానే.