వంటింటి వైపు వాటం

సంగటి కెలికేటప్పుడు కృపాకుమారి కళ్ళు కుండలో ఉండవు. పొయ్యి పక్కన నేల మీద పరిచిన ప్లాను మీద ఉంటాయి. కాగితం చుట్టుకుపోకుండా ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల చెంబు, ఇంకో మూల పాప పలక, నాలుగో మూల మొగుడు జయరాజు మోకాలు. "ఇది తలవాకిలి. ఈ పావు చందమామ మాదిరి గీత ఉండాదే, అది తలుపు తిరిగే పక్క. లోపలికి తెరుచుకుంటాది. డబ్ల్యూ అని ఉండేవి కిటికీలు" అని ఆమె తెడ్డు తిప్పుతూ చదువుతుంటే, అతను ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడిలా పెదాలు కదుపుతూ బట్టీ పడతాడు. మధ్యలో "బిన్నె చెప్పు, పొద్దెక్కతాంది" అని కసురుతాడు. రెండు చేతుల పని, ఒక నోటి పని, ఒకేసారి. ఇందులో దేన్నీ ఆ ఇంట్లో పని అని ఎవరూ అనరు. సంగటి మాటైనా అప్పుడప్పుడు ఎత్తుతారు, అదీ ఉండలు కట్టిన పూట.

మేస్త్రిగా జయరాజు చేతికి వంక పెట్టడానికి లేదు, అది ఆమె కూడా ఒప్పుకుంటుంది. దారానికి గుండు వేలాడదీయకుండానే గోడ ఎటు ఒరిగిందో చెప్పేస్తాడు. బెంగుళూరులో ఆరు నెలలుండి టైల్స్ పని నేర్చుకుని వచ్చాక సోమందేపల్లె చుట్టుపక్కల అతనికి మంచి పేరు. ఇంతకుముందు ఇల్లు కట్టించేవాళ్ళు నిలబడి నోటితోనే చెప్పేవారు, ఈడ పడసాల, ఈడ వంటిల్లు అని. తర్వాత ఇంజనీర్లు వచ్చారు, వాళ్ళతో కాగితాలు వచ్చాయి. మూడో తరగతిలో బడి మానేసిన జయరాజు ఆ కాగితం ముందర, ఊరుకాని ఊరిలో బస్సు దిగినవాడిలా నిలబడిపోయాడు. కృపాకుమారి పెనుకొండ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసైంది. "ఇదేముందో చూడు" అని మొదటి ప్లాను ఆమె ఒళ్ళో పడేసి ఇప్పటికి నాలుగేళ్ళు.

ఆమెకు మాత్రం ఎవరు నేర్పారు? ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, అంతే. ఆ గీతల భాష వేరు. మొగుడి పనిలోనే ఆమె కూలికి పోయేది. మధ్యాహ్నం తక్కిన కూలీలు కూలబడి అన్నం తింటుంటే, ఆమె తల మీది చుట్టకుదురు కూడా తీయకుండా సగం లేచిన గోడల మధ్య తిరిగేది. కాగితం మీది గీతను కళ్ళు మూసుకుని గుర్తు చేసుకునేది, కళ్ళు తెరిచి గోడను చూసేది. కొన్ని గీతలు తెగి తెగి ఉండేవి. ఇవేమిటా అని పది రోజులు తన్నుకులాడింది. ఒకరోజు వంటింట్లో పైన అటక పోస్తుంటే తలెత్తి చూసి, ఆహా, తెగిన గీత అంటే తల మీద ఉండేది అని తెలుసుకుంది. ఒక్కతే పైకి నవ్వింది. ఆ సంతోషం పట్టలేక ఇంటికి వచ్చి జయరాజుకు చెబితే, "సరేలే, పొయ్యి మీద అడుగంటుతాంది చూడు" అన్నాడు. ఆ తర్వాత ఏది తెలుసుకున్నా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి మనిషి లేని చదువు ఎంత బరువో, ఇటుకలు మోసినప్పుడు కూడా ఆమెకు అంత బరువు తెలియలేదు.

పొద్దున బట్టీ పట్టింది మధ్యాహ్నానికి సగం మరిచిపోతాడు కాబట్టి, దానికొక ఏర్పాటు చేసుకున్నాడు జయరాజు. పనిలో గీత తెలియక ఆగిపోయినప్పుడు "మేయ్, నీళ్ళు తే" అని కేకేస్తాడు. ఆమె సిమెంటు మాలు తట్ట దించి, కుండలోంచి చెంబెడు ముంచుకుని వెళ్తుంది. "ఇంతసేపా?" అని అందరికీ వినపడేలా అరుస్తాడు. చెంబు నోటి దగ్గర పెట్టుకుని, గొంతు తగ్గించి "ఆ బాత్రూము తలుపు ఎంత?" అంటాడు. "రెండున్నర" అంటుంది ఆమె పెదాలు కదపకుండా. ఎండలో నా కొడుకు గొంతెండిపోతాంది, కుండ వాడికి దగ్గరగా పెట్టమ్మే అని అత్త ఇంటి దగ్గర దిగులు పడేది. ఇల్లు పూర్తయ్యాక ఇంటివాళ్ళు మేస్త్రికి పంచె, తువ్వాలు పెట్టి దండం పెట్టేవారు. కృపాకుమారికి తక్కిన కూలి ఆడవాళ్ళతో పాటు ఒక జాకెట్టు గుడ్డ. ఆమె దాని గురించి అంతగా బాధపడలేదు. బాధపడింది ఇంకొకదానికి. ఒక ఆదివారం చర్చిలో పక్కనున్నామె "ఏం కృపా, గొంతు పోయిందా, పాడవు?" అని అడిగింది. పాడుతూనే ఉంది. పెదాల మీదే ఆగిపోతోంది, అలవాటై.

ఆ యేడు కూడా వానల్లేవు. వేరుశనగ వేసినవాళ్ళు విత్తనం మట్టిలో పోసుకుని కూర్చున్నారు. ఉన్న పనల్లా హైవే దిగి రెండు పర్లాంగులు పోతే కడుతున్న ఆడపిల్లల హాస్టలు ఒక్కటే. గోడల పని, మెట్ల పని అయిపోయి నేలల పని నడుస్తోంది. ఓబుళేసు అక్కడ జయరాజు కింద రెండో మేస్త్రి. అతని కళ్ళు చురుకు, నోరు అంతకన్నా చురుకు. ఒకరోజు నీళ్ళు తాగి మూతి తుడుచుకుంటున్న జయరాజును చూసి, "ఏం మేస్త్రీ, నీ కుండకు ఇంగ్లీషు వచ్చునంట కదప్పా. మాకు గూడ ఒక చెంబు పొయ్యమను" అన్నాడు. అందరూ నవ్వారు. జయరాజూ నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికొచ్చి కంచం తోసేశాడు. "నా మర్యాద తీసినావు గదే నలుగురిలో" అన్నాడు. ఆమె ఏం తీసింది? అడిగితే చెప్పింది, అదీ గాలికి కూడా వినపడకుండా.

మర్నాడు పొద్దున ప్లాను పరవనే లేదు. చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఈపొద్దు నీళ్ళు అడగను. నువ్వు నా పక్కకు రావాకు" అని చెప్పి ముందే వెళ్ళిపోయాడు.

ఆ రోజు పని హాస్టలు పెరడు. వంటింటికీ వెనక ప్రహరీకీ మధ్య పన్నెండడుగుల వెడల్పు జాగా. పిల్లల బట్టలు ఉతకడానికి, గిన్నెలు తోమడానికి. అడుగు చదరం తాడిపత్రి బండలు పరచాలి. కాలువ ఇంకా తవ్వలేదు కాబట్టి నీళ్ళు ఎటు పోవాలో నేలను చూస్తే తెలియదు, కాగితాన్నే అడగాలి. కాగితం మీద ఒక బాణం ఉంది, ప్రహరీ వైపు. అక్కడ మునగ, నిమ్మ మొక్కలకు గుంతలు, వాడిన నీళ్ళు వాటికి పోవాలని. కృపాకుమారికి ఆ కాగితం మొత్తం కంఠతా వచ్చు. అయితే అంతకు ముందు వారమే మెట్లు కట్టారు. మెట్ల బాణం ఎక్కే దిక్కును చూపిస్తుంది, దాని ముల్లు ఉన్న వైపు ఎత్తు. నేల మీది బాణం నీళ్ళు జారే దిక్కు, దాని ముల్లు ఉన్న వైపు పల్లం. జయరాజు దీనికి కూడా మెట్ల లెక్కే పట్టాడు. ప్రహరీ వైపు ఎత్తు పెట్టి, వంటింటి వైపు వాటం దించి, దారం లాగి కట్టాడు.

తల మీద మాలు తట్టతో ఆమె నడుస్తున్నదల్లా ఆగిపోయింది. తట్ట దించి, ఎవరూ అడగకుండానే చెంబుతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది. "నిన్ను అడిగినానా?" అన్నాడు జయరాజు. చెంబు లాక్కుని నీళ్ళు నేల మీద కుమ్మరించాడు. ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చే కాలం అది. ఓబుళేసు ఈల వేశాడు. ఆమె ఖాళీ చెంబు తీసుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ తట్ట ఎత్తుకుంది.

అక్కడి నుంచి నాలుగు గంటలు, తప్పని తెలిసిన వాటానికి తన తల మీదే మాలు మోసింది. మోస్తూ, ఎవరో ఒకామెను తలచుకుంది. ఈ హాస్టలుకు రేపు వంటమనిషిగా వచ్చే ఆమె. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఇక్కడ వందమంది పిల్లలు ఉతికిన నీళ్ళన్నీ ఆమె వంటింటి గడప దగ్గరికి వస్తాయి. ఆమె పొద్దునా సాయంత్రం చీపురు పట్టుకుని నీళ్ళను ఎదురు తోస్తుంది. ఇరవై ఏళ్ళో ముప్పై ఏళ్ళో, నడుము పోయేదాకా తోస్తూనే ఉంటుంది. ఒక బాణాన్ని తిరగేసి చదివినందుకు ఒక ఆడమనిషి నడుము పోతుందని ఎవరికీ తట్టదు. కృపాకుమారికి తట్టింది, ఎందుకంటే తన ఇంట్లో నీళ్ళు పోసుకునే బండ కూడా ఇంటి వైపే వాటం. పెళ్ళయిన ఎనిమిదేళ్ళుగా తోస్తోంది. ఒకసారి సరిచేయమని అడిగితే, "నేనూ తోసినా, నువ్వూ తొయ్యి" అంది అత్త. ఊళ్ళో అందరి నేలలూ సరిచేసే జయరాజుకు ఆ బండ ఎప్పుడూ కనపడలేదు.

మరి ఎందుకు అరవలేదు? ఆ ప్రశ్న ఆమె తర్వాత చాలాసార్లు వేసుకుంది. భయం ఒకటి. ఇంకొకటి కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గుపడేది. జరగనీ, తెలిసొస్తుంది అని మనసులో ఒక మూల అనుకుంది. 

మధ్యాహ్నం ఇంజనీరు కేశవ సారు స్కూటరు మీద వచ్చాడు. అనంతపురం మనిషి, తక్కువ మాట్లాడతాడు. నాలుగు వరసల బండలు చూసి, ఏమీ అనకుండా ఒక చెంబు నీళ్ళు మధ్యలో పోశాడు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి వంటింటి వైపు నడిచాయి. గడప కింద దూరి లోపలికి వెళ్ళాయి.

"ఏమప్పా జయరాజూ, ప్లాను చూసే చేసినావా?"

జయరాజు బండలను చూశాడు, కాగితాన్ని చూశాడు, ఓబుళేసును చూశాడు. చేతిలో తాపీని కృపాకుమారి వైపు చాపాడు. "నాకేం తెలుసు సార్? ప్లాను చదివేది అది. అది చెప్పినట్టే చేసినా."

నాలుగేళ్ళు. ఏ గృహప్రవేశంలోనూ, ఏ ఇంటివాళ్ళ ముందరా ఆ మాట అతని నోట రాలేదు. నిలిచిన గోడలన్నీ అతనివి. తప్పిన వాటం ఒక్కటి ఆమెది. కృపాకుమారి తల మీది తట్ట దించింది. ఇప్పుడు తల వంచుకుంటే, చదవడం రాక మొగుడిని చెడగొట్టిన ఆడదిగా ఊరంతా తిరుగుతుంది ఆమె పేరు. నేను కాదు సార్, నాకేం చదువు అంటే, ఆ నాలుగేళ్ళూ తన చేత్తోనే తుడిచేసుకున్నట్టు.

"ఔ సార్, చదివేది నేనే" అంది. గొంతు తను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఈ హాస్టలంతా నేనే చదివినా. మెట్లు, తలుపులు, అన్నీ. ఈ పెరడు మాత్రం ఆయప్ప నన్ను అడగలేదు. చెప్పేకి పోతే పొమ్మన్నాడు."

 కేశవ సారు కాగితం ఆమె ముందర పట్టి, వేలు పెట్టాడు. "ఇదేంది?"

"బాణం సార్. నీళ్ళు ప్రహరీ పక్కకు పోవల్ల. పది అడుగులకు రెండంగుళాలు దించల్ల."

"ఈ గీతలు?"

"ఏటవాలుగా ఉండేవి ఇటుక గోడ. చుక్కలుండేది కాంక్రీటు."

సారు ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. మెచ్చుకోలేదు. "పీకెయ్యండి. ఇంక ఆలస్యమైతే మాలు గట్టిపడతాది, బండలు పగుల్తాయి" అని స్కూటరెక్కాడు.

జయరాజు తాపీ విసిరేసి హైవే మీది టీ కొట్టుకు వెళ్ళిపోయాడు. వెనకే ఓబుళేసు, తక్కిన మగవాళ్ళూ. ఆడవాళ్ళు అన్నం క్యారియర్లు తీసుకుని నీడకు పోయారు. కూలికి రోజూ ఆమెతోనే కలిసి వచ్చే మారెక్క ఒక్కతే కాసేపు నిలబడింది. "గమ్మునుండుంటే పోయేది కదమ్మే. మొగోడిని నలుగురిలో అట్ల నిలబెడతారా?" అంది.

"నన్ను నిలబెట్టినప్పుడు నువ్వు ఈడనే ఉండావు కదక్కా" అంది కృపాకుమారి.

మారెక్క క్యారియరు చంకలో పెట్టుకుంది. ఆమె కూడా నీడకు వెళ్ళింది.

పెరట్లో ఎండ తప్ప ఎవరూ లేరు. అంత పెద్ద భవనంలో తనొక్కతే. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు. అత్త నోరు తెలుసు, జయరాజు మౌనం అంతకన్నా తెలుసు. ఏడవాలనిపించింది, కాసేపు ఏడ్చింది కూడా. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గడ్డపార మొనతో మొదటి బండ లేపింది. మాలు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక్కొక్క బండా లేపి, అడుగు గీకి, గోడకు ఆనించింది. దారం విప్పి, వంటింటి గడప దగ్గర ఎత్తు పెట్టి, ప్రహరీ వైపు దించి మళ్ళీ కట్టింది. జయరాజు చేతులు చేసే పని నాలుగేళ్ళుగా చూస్తోంది. చూడడం వేరు, చేయడం వేరు. మొదటి బండ మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది. నాలుగోసారి రసమట్టం పెట్టి చూస్తే, కావలసినంత ఒరిగింది. రెండో వరస అయ్యేసరికి మోకాళ్ళు చితికిపోయాయి. అయినా గడప నుంచి లెక్కపెడితే మూడో వరస దాకా పూర్తి చేసింది.

పొద్దు వాలుతుండగా మగవాళ్ళు తిరిగి వచ్చారు. ఓబుళేసు వాళ్ళు దూరంగా ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. జయరాజు వంటింటి గడపలో నిలబడి మూడు వరసలనూ చూశాడు. వంగి, ఒక కన్ను మూసి, బండల మీదుగా చూపు పరిచాడు. తప్పు వెతుకుతున్నాడని ఆమెకు తెలుసు. దొరకలేదని కూడా, అతను లేచి నిలబడిన తీరులోనే తెలిసింది. అతను వెనక్కి తిరిగి ఇసుక కుప్ప వైపు చూసి, అక్కడున్నవాళ్ళకు వీపు చేసి ఆమె దగ్గరగా వచ్చి కూర్చున్నాడు. పెదాలు కదిలీ కదలనట్టు అడిగాడు.

"ఆ మూలకాడ సగం బండ పడతాది కదా, అది యాడ పెట్టల్లని రాసినాడు?"

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. అలవాటుగా ఆమె గొంతు కూడా తగ్గబోయింది. ఆమె చేతిలోని తాపీ కింద పెట్టి, నడుము నిటారుగా చేసుకుని కూర్చుంది.

"గట్టిగా అడుగు" అంది. "వాళ్ళకు గూడ వినపడల్ల."