ముప్ఫై ఆరు సాళ్ళు

“ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు రాసిపెట్టుకుని ఉంటే చాలు” అన్నాడు శివరామకృష్ణ, రెండో పెసరట్టు కోసం కంచం ముందుకు జరుపుతూ.

ఆయన వెతుకుతున్నది రెండువేల ఇరవై నాటి వసంతాన్ని. పక్షుల్ని గమనించేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. దాని పత్రికకు వ్యాసం రాస్తానని మాట ఇచ్చాడు. విమానాలన్నీ ఆగిపోయిన ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లో శంషాబాద్ చుట్టుపక్కల తోటల్లో చెట్లూ పిట్టలూ ఎలా మసలుకున్నాయన్నది విషయం. ముప్ఫై మూడేళ్ళు పంటల గణాంకాలతో గడిపి రిటైరైన మనిషి. అంకె లేనిదే వాక్యం మొదలుపెట్టడు. నెల రోజులుగా తొండుపల్లి నుంచి కొత్వాల్‌గూడ దాకా తెలిసిన ప్రతివాళ్ళకూ ఫోన్లు చేస్తున్నాడు.

“ఆ రోజుల్లో ఏమేం తిన్నారో అందరికీ గుర్తుంది. కోయిల ఏ రోజు కూసిందయ్యా అంటే ఒక్కడికీ తెలియదు. జ్ఞాపకం సాక్ష్యం కాదోయ్, తేదీ ఉండాలి. అల్లం పచ్చడి అయిపోయిందా?”

రత్నమాల పచ్చడి వేసింది. ‘నా దగ్గర ఉన్నాయి’ అనే మూడు మాటలు నోటిదాకా వచ్చి ఆగాయి. చేతిలో అట్లకాడ కూడా ఆగింది.

“అట్టు మాడుతోంది” అన్నాడు ఆయన. ఆమె అట్టు తిప్పింది.

తేదీలు ఆమె దగ్గర నిజంగానే ఉన్నాయి. అయితే కాగితం మీద లేవు. శంషాబాద్ దగ్గరి ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి వసంతంలో ఆయన పక్కన పడేసిన పాత డైరీ ఒకటి తీసుకుని, వేప పూత ఎప్పుడు విచ్చిందో, తేనెపిట్ట ఏ కొమ్మకు గూడు వేలాడదీసిందో నాలుగైదు పేజీలు రాసుకుంది. ఏలూరులో బాటనీతో డిగ్రీ పూర్తిచేసిన మనిషికి అది పెద్ద సాహసం కాదు. ఒకరోజు ఆ డైరీ ఆయన బల్ల మీద కనిపించింది. “ఇందులో ఏవో కాకిగీతలుంటే ఆ పేజీలు తీసేశానోయ్. మిగతాదంతా శుభ్రంగా ఉంది, పనికొస్తుంది” అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం ఏమీ లేదు. అది ఉంటే ఆమె పోట్లాడి ఉండేది. అప్పుడామె తనలో తాను ఇలా తర్కించుకుంది: ఈ ఇంట్లో కాగితం ఆయనది, గుడ్డ తనది. గుడ్డను ఎవరూ చదవరు గనుక ఎవరూ చింపరు. తర్కం పైకి బాగానే ఉంది. అందులోని లోపం బయటపడడానికి పదకొండేళ్ళు పట్టింది.

నాలుగు పొరల పాత నేత చీరలు పరిచి బొంత మొదలుపెట్టింది. ఏడాదికి జానెడు చొప్పున కుడుతుంది. మార్చి ఒకటో తేదీ నుంచి ఏప్రిల్ ముప్ఫై దాకా రోజుకొక కుట్ల వరుస, మొత్తం అరవై ఒకటి. ఆ రోజు తోటలో ఏదైనా జరిగితే ఆ వరుసలో ఒక రంగు ముడి. వేప పూతకు పచ్చ, కోయిల తొలి కూతకు నలుపు, తేనెపిట్ట గూటికి పసుపు, మొదటి మల్లెమొగ్గకు తెలుపు. ఇప్పుడు నడుస్తున్నది పన్నెండో జానెడు. దీనితోపాటు మరో రెండు చిన్న బొంతలు చేతిలో ఉన్నాయి. “నీకెలాగూ ఖాళీయేగా రత్నమాలా, మా కోడలికి నెలలు నిండేలోపు పొత్తిళ్ళ బొంతలు రెండు కుట్టిపెట్టు” అని ఆడపడుచు స్వరాజ్యం ఫోన్లో పురమాయించింది. ఒకటి పూర్తయింది, రెండోదానికి అంచు పడాలి. ఆ ఖాళీ అనేది ఎక్కడుందో రత్నమాల చాలాసార్లు వెతికింది. పాలు పొంగడానికీ కుక్కరు మూడో కూతకూ మధ్య కొంత దొరికింది. ఆయన మధ్యాహ్నపు కునుక్కూ నాలుగింటి టీకీ మధ్య మరికొంత. పదకొండు జానలూ ఆ సందుల్లో కుట్టినవే.

బొంతను ఆమె దాచిపెట్టి కుట్టలేదు. ఏటా రెండు నెలలు వరండాలో, ఆయన పేపరు చదివే కుర్చీకి మూరెడు దూరంలో పగలంతా అది పరిచే ఉంటుంది, రాత్రికి మాత్రం బీరువాలోకి వెళుతుంది. ‘ఏం కుడుతున్నావు?’ అని ఆయన అడుగుతాడనీ, అప్పుడు చెప్పాలనీ ఆమె కోరిక. మొదటి సంవత్సరం ఆ జవాబును చెట్ల లాటిన్ పేర్లతో సహా సిద్ధం చేసుకుంది. మూడో ఏటికి లాటిన్ తీసేసింది. ఆరో ఏటికి జవాబు ఒక్క వాక్యానికి కుదిరింది. ఈమధ్య జవాబు చెప్పే అవకాశం రాకపోయినా ఫరవాలేదు, ప్రశ్న వస్తే చాలుననిపిస్తోంది. ఆయన మాత్రం పేపరు మడిచి, బొంత మీదుగా జాగ్రత్తగా అడుగు దాటేసి, “తడిగుడ్డ పెట్టించేటప్పుడు ఇది తియ్యి, జారిపడతాం” అనేవాడు.

ఇవాళ అడగకపోయినా చెప్పాలనుకుంది. అడిగింది తనను కాకపోవచ్చు గాని, పెసరట్టు ముందు కూర్చుని ఆయన అడిగినది కచ్చితంగా ఆ బొంత గురించే. ఆయన తిని లేచి వెళ్ళాక పెనం దించి, చేతులు తుడుచుకుని, వెనకగదిలో బీరువా తెరిచింది. అరవై మూడేళ్ళ వయసులో గుండె ఇలా కొట్టుకోవడం చూసి ఆమెకే నవ్వొచ్చింది.

పై అర ఖాళీగా ఉంది.

“కొండమ్మా, బొంత ఎండలో వేశావా?” అని పెరటి తలుపు దగ్గర నుంచి అడిగింది.

కొండమ్మది తొండుపల్లి. వారానికి రెండుసార్లు తోటపనికి వస్తుంది. మల్లెపాదులో కలుపు తీస్తున్నదల్లా తలెత్తి, “నేనెయ్యలే అక్కా. సారు పొద్దుగాలనే గుడారం ఏసిండు, సూడుపో” అంది.

అంజూర మొక్క ముందు, బట్టల తీగ మీదుగా బొంత వేలాడుతోంది. దాని వెనక స్టూలు మీద శివరామకృష్ణ కూర్చుని ఉన్నాడు. బొంతకు సరిగ్గా మధ్యన సాసరంత గుండ్రటి కన్నం. ఆ కన్నంలోంచి కెమెరా కన్ను బయటికి చూస్తోంది.

“ష్...” అన్నాడు. “దర్జీపిట్ట. రెండాకులు దగ్గరికి లాగి కుడుతున్నాడు వీడు. ఇప్పటికి పద్నాలుగు కుట్లు లెక్కపెట్టాను. ఎంత పనితనమోయ్! చేతుల్లేవు, సూది లేదు.”

రత్నమాల కన్నాన్నే చూస్తోంది. “అది ఆడపిట్టండీ” అని మాత్రం అనగలిగింది. “తోక పొడుగ్గా ఉన్నది మగది. అదుగో, కొమ్మ మీద కూర్చుని అరుస్తోంది.”

“కూసొని ఒర్రేటోడు మొగోడే అయితడు లే” అని కొండమ్మ మల్లెపాదులోంచి నవ్వింది. నవ్వుతూనే మట్టి చేతులు దులుపుకుని వచ్చి చూసి, నవ్వు ఆపేసింది. “అయ్యో సారూ! గిదేంది, గిట్ల కోసిర్రు?”

“పాత బొంతేగా. బీరువాలో ఊరికే పడి ఉంది. పిట్టలకు కనపడకుండా కూర్చోవాలంటే ఇలా వెలిసిన గుడ్డే కావాలి” అని, భార్యకేసి తిరిగి మెచ్చుకోలుగా అన్నాడు: “నీ కత్తెర భలే పదునోయ్. నాలుగు పొరలూ ఒక్క ఊపున తెగాయి.”

“పాతది గాదు సారూ, సాళ్ళు వోసిన చేను గది!” కొండమ్మ గొంతు పెరిగింది. “గిది యాప పూత, గిది కోయిల. ఏటికొక్క మడి. మీరు కోసింది ఏ ఏడో ఎరుకేనా? ఇమానాలు బంద్ అయిన ఏడు! మా చెల్క ఎయిర్‌పోర్టు గోడ అవతల పడ్డంక నేను సాళ్ళు సూసింది గీ బొంతలనే. నాకెరుక లేకుంటనా?”

శివరామకృష్ణ స్టూలు మీది నుంచి లేచాడు. “నీకెలా తెలుసు?”

“అక్క జెప్పింది.”

“నాకు చెప్పలేదే!”

“మీరడిగిండ్రా సారూ? నేనడిగిన.”

దీన్ని విధి అనడానికి వీల్లేదు. తీగ ఎత్తు, స్టూలు ఎత్తు, కూర్చున్న మనిషి కంటి ఎత్తు కలిసి కన్నం ఎక్కడ పడాలో నిర్ణయించాయి. అక్కడ ఏడో జానెడు ఉంది. అంతే. రత్నమాల చెయ్యి చాపి, “తీసిన ముక్క ఏదండీ?” అంది. ఆయన కెమెరా సంచి జిప్పు లాగి గుండ్రటి ముక్కను బయటికి తీశాడు. “మెత్తగా ఉందని లెన్సు తుడవడానికి ఉంచాను” అన్నాడు. ఈసారి గొంతు కాస్త తగ్గింది.

పావుగంటలో భోజనాల బల్ల మీద జాడీలన్నీ ఒక పక్కకు జరిగిపోయాయి. బొంత బల్లంతా పరుచుకుంది. కన్నంలో ముక్కను అమర్చి, భూతద్దం పట్టుకుని, శివరామకృష్ణ కుర్రాడిలా వంగిపోయాడు. పూతకూ పిట్టలకూ వేసిన నాలుగు రంగులూ ఏవేవో, పై వరుస మార్చి ఇరవై ఐదు అనీ ఆమె చెప్పింది. అక్కణ్ణుంచి ఆయనే లెక్కపెట్టాడు. ముక్కలో ముప్ఫై ఆరు వరుసలు, అంటే ముప్ఫై ఆరు రోజులు. విమానాలు ఆగిన వసంతం దాదాపు మొత్తం అందులోనే ఉంది.

“అద్భుతం! తేనెపిట్ట ఒకటి కాదు, రెండు గూళ్ళు కట్టింది! మిగతా ఏ ఏడాదీ రెండు లేవు. ఇంత నిధి ఇంట్లో పెట్టుకుని, ముందే చెప్పొచ్చుగా! నెల రోజుల నుంచి ఊరంతా ఫోన్లు చేస్తున్నాను.” కాగితాల బొత్తి దగ్గరికి లాక్కున్నాడు. “నువ్వు చెబుతూ ఉండు, నేను రాసుకుంటాను. వ్యాసం చివర ‘సమాచార సేకరణలో నా శ్రీమతి సహకరించింది’ అని ఒక వాక్యం వేస్తాను. వేస్తానోయ్, మరిచిపోను.”

పదకొండేళ్ళు ఎదురుచూసిన క్షణం ఇదే అయి ఉండాలని రత్నమాల అనుకుంది. ఆయన నిజంగా చూస్తున్నాడు. ఆమె కుట్టిన ఒక్కొక్క కుట్టునూ అద్దం కింద పెట్టి చూస్తున్నాడు. దీన్ని ఆమె ఎన్నో మధ్యాహ్నాలు ఊహించుకుంది. ఊహలో ఆయన తల వంచుకుని ఉండేవాడు కాదు, ఆమె వైపు తిరిగి ఉండేవాడు. ఇప్పుడామెకు కనిపిస్తున్నది బట్టతల, దాని మీద కిటికీలోంచి పడిన వెలుగు. కోరుకున్నది ఎదుట ఉంటే కోరిక తీరాలి. అది తీరకపోగా, ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలియని నొప్పికి చిరునామా దొరికినట్టుంది.

“ఈ ఎర్ర ముడులేమిటి?” అన్నాడు ఆయన తలెత్తకుండానే. “ఈ ముక్కలో రెండే ఉన్నాయి. పదో వరుసలో ఒకటి, అంటే ఏప్రిల్ మూడు. ఇరవై ఆరో వరుసలో ఒకటి, ఏప్రిల్ పంతొమ్మిది. మధ్యలో పదహారు రోజులు. ఇక్కడ ఉండేది కాదు, దారిలో ఆగి వెళ్ళింది. వలసపక్షి అయి ఉండాలి. ఏ పక్షి ఇది?”

“పక్షి కాదండీ.”

“మరి?”

“ఏ పనీ చెప్పకుండా మీరు నాతో మాట్లాడిన రోజులు.”

భూతద్దం ముక్క మీదే ఉండిపోయింది.

“మూడో తేదీ సాయంత్రం వరండాలో నిలబడి, ‘ఎంత నిశ్శబ్దంగా ఉందో విన్నావా’ అన్నారు” అని ఆమె తేదీలు చెప్పే గొంతుతోనే చెప్పింది. “పంతొమ్మిదిన నా మోకాలు ఎలా ఉందని అడిగారు. అప్పుడిద్దరం రోజంతా ఇంట్లోనే ఉండేవాళ్ళం, అందుకని రెండు వచ్చాయి.”

శివరామకృష్ణ నమ్మకంతో పని లేని మనిషి, సరిచూసుకుంటాడు. మిగతా బొంతను ముందుకు లాక్కున్నాడు. మొదటి జానెడు నుంచి ఒక్కొక్క వరుసా వేలితో దాటుకుంటూ వెళ్ళాడు. ఆమె వారించలేదు. మొదటి జానెట్లో ఎరుపు మూడుచోట్ల కనిపించింది. రెండోదాంట్లో ఒకటి. ఆ తర్వాత చాలా దూరం ఆయన వేలు ఎక్కడా ఆగలేదు. ఏడోది దాటాక అసలే ఆగలేదు. ఈ ఏటి జానెట్లో, సూది గుచ్చి ఉన్న నిన్నటి వరుస దాకా వచ్చి, వేలు అక్కడే ఉంచాడు.

“ఇవాళ్టికి వేస్తావా?” అన్నాడు.

ఆమె తొందరపడకుండా ఆలోచించింది. వేయాలనే ఉంది. ఎంత ఉందో ఆ క్షణానే తెలిసింది కూడా. ఎర్రదారం చేతికందే దూరంలోనే ఉంది. అయినా పదకొండేళ్ళుగా ఒక్క దొంగముడి వేయని చెయ్యి అది.

“ఇవాళ పొద్దుటి నుంచి మీరు మాట్లాడింది గుడ్డతోనండీ, నాతో కాదు” అంది.

కాగితాల బొత్తిని తన వైపు తిప్పుకుంది. ఆయన వేళ్ళ మధ్య నుంచి కలం మెల్లగా తీసుకుంది. “వ్యాసం నేను రాస్తాను. మీరు అంకెలు సరిచూసి పెట్టండి. చివర్లో మీ పేరు కూడా ఒక వాక్యంలో వేస్తాను.”

పైన తన పేరు రాసింది. దాని కింద, ‘మార్చి ఇరవై ఐదు, బుధవారం. వేప పూత మూడో రోజు. ఆకాశంలో చప్పుడు లేదు’ అని మొదలుపెట్టింది. చాలా ఏళ్ళ తర్వాత కాగితం మీద పడుతున్న అక్షరాలు మొదట కాస్త వంకరపోయాయి, రెండో పేరాకి కుదురుకున్నాయి. ఎదురుగా ఆయన భూతద్దంతో వరుసలు సరిచూస్తున్నాడు. ఎర్ర ముడి పడిన ఏప్రిల్ మూడో తేదీ దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగలేదు.