పన్నెండూళ్ల కాలేజీ

బల్లలను లారీకెక్కిస్తున్నారు.

గుట్ట దిగి మందను తోలుకొస్తున్న కురుమ భిక్షం దూరం నుంచే చూశాడు. కాలేజీ ముందర లారీ, దాని చుట్టూ కట్టెలు పట్టుకున్న దొర గడి మనుషులు. చదువుకునే పిల్లలంతా గోడకు ఆనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డారు. ఒక్క పిల్ల మాత్రం బల్ల కొస పట్టుకుని వదలడం లేదు. ఆ పిల్ల ఎవరో కాదు, తన బిడ్డ మంజులత.

"ఇడువే పోరీ!" అంటూ ఒకడు ఆమె వేళ్ల మీద కట్టెతో కొట్టాడు. గోరు చితికి నెత్తురు కారింది. భిక్షం గొర్లను ఎక్కడివక్కడ వదిలేసి ఉరికొచ్చాడు.

"ఏందయ్యా గీ అన్యాలం? గింత జల్ది గుంజుకపొమ్మని ఎవలు జెప్పిండ్రు మీకు?"

లారీ పక్కన కాగితాల కట్టతో ఉన్న కాలేజీ గుమాస్తా దశరథం తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "కమిటీ జెప్పింది. కాలేజీ కొత్తకోటకు పోతాంది. నువ్వు గూడ కమిటీ మెంబరువే గద భిక్షం. ఒప్పుకున్నోళ్లల్ల నీ పేరుంది."

మంజులత వేలు నోట్లో పెట్టుకుని తండ్రి వైపు తిరిగింది. ఆ చూపు కంటే కట్టె దెబ్బే నయమనిపించింది అతనికి.

ఇది అరవై ఆరు నాటి మాట. తెల్లగుట్ట చుట్టుపక్కల పన్నెండు ఊళ్ల జనం కలిసి కట్టుకున్న కాలేజీ అది. ఏ సర్కారూ పునాది రాయి వేయలేదు, ఏ మంత్రీ రిబ్బను కత్తిరించలేదు. మాదిగవాడ ఆడవాళ్లు గుట్ట నుంచి తలల మీద రాళ్లు మోశారు. వడ్డెరలు కూలి అడగకుండా గోడలు లేపారు. తెల్లగుట్ట కురుమలు వానకాలం మందలు ఆపుకునే ఒక్కగానొక్క మిట్ట జాగాను ఇచ్చేశారు. ఊరికొక మెంబరు చొప్పున పన్నెండు మందితో కమిటీ వేసుకున్నారు. అంతవరకు బాగుంది. ఆ తర్వాతే తప్పు చేశారు. కాలేజీ అన్నాక ఒక పెద్దమనిషి పేరు ఉండాలి కదా అనుకుని, గడికి పోయి, మురహరిరావు దొరను బతిమిలాడి తెచ్చి అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరి నెత్తిన ఎవరు ఎక్కారు అంటే, మనమే మెట్టు వేసి ఎక్కించుకున్నాం. ఈ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడి లాభం లేదు.

ఎనిమిది రోజుల కింద జరిగిన మీటింగు భిక్షం కళ్ల ముందు ఆడింది. వరండాలో దొర కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరు పటేళ్లు, ఒక సావుకారు ఆయన పక్కన కూర్చున్నారు. మిగిలిన తొమ్మిది మంది మెంబర్లు చెప్పులు మెట్ల కింద విడిచి, రుమాళ్లు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లను నిలబడమని ఎవరూ అనలేదు. బల్లలు ఖాళీగానే ఉన్నాయి. కానీ దొర ముందు కూర్చోవడమనే పని వాళ్ల తాతలు కూడా చేసి ఎరగరు.

కాలేజీ కొత్తకోటకు పోవాలని, ఈ రాతి కట్టడం తన పల్లికాయ గోదాముకు పనికొస్తుందని దొర దాచకుండానే చెప్పాడు. చెప్పి, అడిగాడు.

"పోవుడు మంచిదనెటోళ్లు నిలబడుండ్రి. ఒద్దనెటోళ్లు కూసోండి."

చూశారా ఆ తెలివి! పటేళ్లు, సావుకారు లేచి నిలబడ్డారు. తొమ్మిది మంది నిలబడే ఉన్నారు. భిక్షం లోపల వద్దనే అరుస్తున్నాడు. కొత్తకోట పద్దెనిమిది మైళ్లు. అక్కడ ఆడపిల్ల ఉండడానికి నీడ లేదు. కాలేజీ కదిలిందంటే మంజులత చదువు ఆనాటితో సరి. అన్నీ తెలుసు. కూర్చుంటే చాలని కూడా తెలుసు. మోకాళ్లు మాత్రం వంగలేదు. తన నాయిన ఒకసారి గడి ఎదుటి అరుగు మీద కూర్చున్నందుకు పొద్దంతా వీపు మీద బండ మోశాడు. ఆ వీపుకు నూనె రాసింది భిక్షమే. ఆ భయం మనసులో ఉంటే తీసి పారేసేవాడే. అది ఒంట్లోకి దిగింది.

"రాయి దశరథం," అన్నాడు దొర. "అందరు ఒప్పుకున్నరని రాయి."

లారీ వెళ్లిపోయాక భిక్షం ఆ మీటింగు సంగతి చెప్పాడు. అంతా విని మంజులత అడిగింది. "కూసుంటే ఏమైతుండె నాయినా?"

భిక్షం చెదిరిన గొర్లను వెతకడానికి గుట్ట వైపు నడిచాడు.

మర్నాడు కాలేజీలో పాఠాలు చెప్పే కిష్టయ్య సారు ఊరందరినీ పిలిచాడు. నేల మీద పిల్లలు, వాళ్ల వెనక జీతగాళ్లు, కైకిలి కూలికి పోయే ఆడవాళ్లు, కురుమలు. సారు కమిటీ నిబంధనల పుస్తకం తెరిచి చదివాడు. ఏడుగురు మెంబర్లు కోరితే జిల్లా విద్యాధికారి ముందు మళ్లీ మీటింగు పెట్టి తీరాలి. తొమ్మిది మందీ వేలిముద్రలు వేశారు. రెండు రోజులకు ఊరు మళ్లీ కూడినప్పుడు, వచ్చే బేస్తవారం వస్తానని ఆఫీసరు పంపిన కబురును సారు చెప్పాడు.

"వస్తడు. వచ్చినంక దొర మల్ల గదే అడుగుతడు. మీరు మల్ల గట్లనే గుంజల లెక్క నిలబడతరు," అంది బాలనర్సమ్మ. ఆ గోడలకు రాళ్లు మోసిన మాదిగవాడ మనిషి ఆమె. నోరు తెరిచిందంటే పటేళ్లే పక్కకు తప్పుకుంటారు.

"మరేం జెయ్యమంటవు?" అన్నాడు భిక్షం.

"నేర్సుకోండి. కూసునుడు నేర్సుకోండి!"

ఆమె సారు కుర్చీని లాక్కొచ్చి మధ్యలో వేసింది. దాని మీద ఒక ఎర్ర రుమాలు చుట్టి పెట్టింది. "గీడు దొర. ఊ, కూసోండి గీని ముంగట."

జనం విరగబడి నవ్వారు. మెంబర్లూ నవ్వుతూనే ముందుకొచ్చారు. కుర్చీ ఎదుటికి వచ్చేసరికి ఆ నవ్వు ఏమైందో ఎవరికీ తెలియదు. ఉత్త కుర్చీ, దాని మీద ఉత్త బట్ట. అయినా పోచయ్య అనే చాకలి మెంబరు చేతులు కట్టుకున్నాడు. భిక్షం సగం వంగి ఆగిపోయాడు. ఎవరూ నవ్వడం లేదు ఇప్పుడు. ఒక ముసలమ్మ ఏడ్చింది. బిడ్డ కళ్ల ముందు, ఊరంతా చూస్తుండగా, నాలుగోసారికి భిక్షం నేల మీద కూలబడ్డాడు. కూలబడి, చిన్నపిల్లవాడిలా వెక్కాడు. ఆ తర్వాత రోజూ సాధన చేశారు. చదువుకునే పిల్లలే వాళ్లకు మాస్టర్లు.

ఈ కబురు గడికి చేరడానికి ఎంతసేపు? ఆదివారం పొద్దునే దొర మనుషులు కుంట చుట్టూ తుమ్మకంప కొట్టారు. వానలు లేని ఏడాది. వాగులో ఇసుక తప్ప చుక్క లేదు. పన్నెండూళ్లలో పశువు తాగే నీళ్లు ఆ ఒక్క కుంటలోనే ఉన్నాయి. మంద కంప దగ్గర నిలబడి, అవతలి నీళ్లు చూస్తూ అరిచింది. రెండో రోజుకు గొర్రెపిల్లలు పడిపోవడం మొదలైంది. పదకొండింటిని భిక్షం తన చేతులతో పూడ్చాడు.

పోచయ్య వచ్చి అతని పక్కన చతికిలబడ్డాడు. "భిక్షమన్నా, గడికి పోదాం. కాళ్ల మీద పడుదాం. నీకు గొర్లు పోతాన్నయి, రేపు నా గాడిదలు పోతయి. కాలేజీ మనకు కూడు వెడ్తదా?"

మంజులత కూడా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. "నాయినా, నా సదువు బంద్ జేస్త. గొర్లను సంపుకోకు."

భిక్షం మట్టిచేతులు దులుపుకున్నాడు. నిజం చెప్పాలంటే అతను లొంగిపోవడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. "నీ ఒక్కదాని సదువే అయితే ఎప్పుడో బంద్ జేపిస్తుంటి బిడ్డా," అన్నాడు చివరికి. "నాకు అక్షరం రాదు. దశరథం ఏం రాసిండో సదువరాదు. మన దాంట్ల ఒక్కలన్న సదువుకొని వాని కాగితం గుంజుకొని సదవాలె."

ఆ మధ్యాహ్నమే బాట మీద దుమ్ము లేచింది. బాలనర్సమ్మ ముందు, ఆమె వెనక నలభై మంది ఆడవాళ్లు. అందరి తలల మీద కుండలు. తాగే నీళ్ల బావులు తోడి, మూడు మైళ్ల నుంచి తెస్తున్నారు. వాళ్లలో భిక్షం మంద ఎన్నడో చేలో పడి మేసిందని అతన్ని తిట్టిపోసిన కాపు ఆడవాళ్లూ ఉన్నారు.

"చూస్తవేంది? తొట్టి వెట్టు!" అంది బాలనర్సమ్మ. "మా పిల్లలకు రేపు సూస్కుంటం."

గొర్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ తొట్టి మీద పడ్డాయి. పోచయ్య లేచి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

బేస్తవారం వచ్చింది. కాలేజీ చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. జీపులో ఆఫీసరు దిగాడు, వ్యానులో పోలీసు అమీను, పది మంది జవాన్లు దిగారు. గడి నుంచి కుర్చీలొచ్చాయి. తొమ్మిది మంది మెంబర్లు అప్పటికే వరండాలో నేల మీద కూర్చున్నారు. దొర మెట్లెక్కాడు. తొమ్మిది మందిలో ఒక్కరూ లేవలేదు. భిక్షం రెండు అరచేతులూ నేలకు ఆనించి కూర్చున్నాడు.

దొర చూశాడు. మొహం ఒక్క క్షణం నల్లబడింది. మరుక్షణమే నవ్వాడు. నిదానంగా కుర్చీలో సర్దుకుని, ఆఫీసరు వైపు తిరిగి అన్నాడు.

"అడుగుతున్న సార్. కాలేజీ పోవుడు మంచిదనెటోళ్లు కూసోండి. ఒద్దనెటోళ్లు నిలబడుండ్రి."

కూర్చున్నవాళ్లు కొయ్యబారిపోయారు. ఇద్దరు దిగ్గున లేచారు. ఒకడు లేచి మళ్లీ కూర్చున్నాడు. పోచయ్య సగం లేచి, గోడ పట్టుకుని ఉండిపోయాడు. పటేళ్లు పకపకా నవ్వారు.

"చూసిండ్రా సార్? లేసుడో కూసునుడో గూడ తెల్వదు గీండ్లకు. గీండ్లకెందుకు సార్ కాలేజీ?"

భిక్షానికి అప్పుడు తెలిసింది. ఇన్ని రోజులు తాము నేర్చుకున్నది దొర ఆటలోనే ఒక ముక్క. లేవమన్నా, కూర్చోమన్నా అడిగేవాడు వాడే, లెక్కపెట్టేవాడు వాడే. అతను తల ఎత్తాడు.

"ఆగు దొరా."

జీవితంలో ఆ మాట అతను ఏ పెద్దమనిషితోనూ అని ఉండడు. నవ్వులు ఆగాయి.

"నువ్వు లెవ్వంటె లేసినం, కూసోమంటె కూసున్నం. శాన ఏండ్లు జేసినం. మాకు నోరున్నది. నోటితోని జెప్తం." అతను ఆఫీసరు వైపు తిరిగాడు. "సారూ, నా పేరు కురుమ భిక్షం. మాది తెల్లగుట్ట. కాలేజీ పోవొద్దు. రాస్కో."

పక్కవాడు గొంతు సవరించుకున్నాడు. తన పేరు, తన ఊరు చెప్పి, పోవొద్దన్నాడు. తర్వాతివాడు, ఆ తర్వాతివాడు. ఎనిమిది పేర్లు, ఎనిమిది ఊళ్లు. తొమ్మిదోవాడు పోచయ్య. నోరు తెరిచాడు. దొర కళ్లలోకి చూశాడు. మాట రాక తల దించుకున్నాడు.

పన్నెండులో ఎనిమిది చాలు. బయట బాలనర్సమ్మ తన పేరు అరిచి, పోవొద్దంది. ఆమెను మెంబరని ఎవరన్నారు? అయినా అరిచింది. ఆమె వెనక జనమంతా ఎవరి పేరు వాళ్లు అరవడం మొదలుపెట్టారు. ఆ పేర్ల హోరుకు వరండా పైకప్పు అదిరింది.

దొర వంగి ఆఫీసరు చెవిలో ఏదో చెప్పాడు. ఆఫీసరు కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంత గలాటా మధ్య మీటింగు చెల్లదు. పాత తీర్మానమే అమలవుతుంది," అన్నాడు. ఇదీ వాళ్ల చట్టం. గొంతు లేనప్పుడు ఒప్పుకున్నట్టు, గొంతు వచ్చినప్పుడు గలాటా చేసినట్టు.

లాఠీలు లేచాయి. ఆడవాళ్ల తలలు పగిలాయి. అమీను కిష్టయ్య సారును, భిక్షాన్ని రెక్కలు పట్టి వ్యానులోకి తోశాడు. మంజులత వ్యాను వెంట పరుగెత్తింది.

"నాయినా! నాయినా!"

"గొర్లను మీ చిన్నాయిన జూస్తడు," అరిచాడు భిక్షం. "నువ్వు లోపటికి పో బిడ్డా. బల్ల లేకుంటె నేల మీద సదువు. బయటికి రాకు!"

కొత్తకోట పోలీసు ఠాణాలో ఒకటే గది. అందులో భిక్షం, సారు. శుక్రవారం పొద్దు గుంకకముందే తలుపు తెరుచుకుంది. తెల్లగుట్ట నుంచి పద్నాలుగు మందిని తెచ్చి పడేశారు. లారీ మళ్లీ వచ్చిందట. కిటికీలు, తలుపులు పీక్కుపోవడానికి. ఊరు బాటకు అడ్డం పడుకుందట.

"మరి లారీ?" అన్నాడు భిక్షం ఆత్రంగా.

"ఖాళీగనే తిరిగి పోయింది. రేపు మల్ల వస్తదట. రేపు ఇంకో ఊరు వంతు. మందకాడ వంతులేసుకొని కావలున్నట్టే మల్ల, రోజుకొక్క ఊరు."

శనివారం ఇరవై మంది వచ్చారు. ఆదివారం ముప్పై. గది చాలక ఆడవాళ్లను వరండాలో కూర్చోబెట్టారు. పెదవి చీలిన బాలనర్సమ్మ అక్కడి నుంచే కేకేసి చెప్పింది. "భిక్షం! నీ బిడ్డ గట్టిగ సదువుతాంది, మిగిలిన పోరగాండ్లు రాస్కుంటాండ్రు. సారు లేడని బడి ఆగలే!"

లోపల ఊపిరాడడం లేదు. ఒకతనికి విరిగిన చేయి వాచిపోయింది, దవాఖానకు తీసుకుపోమంటే అమీను బూతులు తిట్టాడు. ఇంకెన్నాళ్లో తెలియదు. లారీ ఏదో ఒకనాడు గెలుస్తుందేమో, అదీ తెలియదు. భిక్షం ఆ చేతిని తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం తలుపు మళ్లీ తెరుచుకుంది. జవాన్లు ఒక్కొక్కరినీ మెడ పట్టి తోస్తున్నారు. ఆఖరున లోపలికి పడ్డవాడి చొక్కా చిరిగి ఉంది, నుదుటి మీద నెత్తురు గడ్డకట్టింది. భిక్షం ముందు గుర్తుపట్టలేదు. అతను పోచయ్య.

"నోటితోని చెప్పుడు చాతగాలే అన్నా," అన్నాడు పోచయ్య రొప్పుతూ. "లారీకి అడ్డం పండుకున్న."

భిక్షం చేయి చాపి అతన్ని దగ్గరకు లాక్కున్నాడు. పోచయ్య గదినంతా ఒకసారి కలియజూసి, మోచేతులతో చోటు చేసుకుంటూ అన్నాడు.

"జర జరుగుండ్రి. రేపు గుట్టకింది ఊరోళ్లు వస్తరు. యాభై మంది."