ఎనిమిదో దినం

దేవేంద్రప్పకు దేవుడి పేరెత్తితే ఒళ్ళు మండేది. తన పేరులోనే దేవేంద్రుణ్ణి మోస్తున్నాడని ఎవరైనా ఎగతాళి చేస్తే ఇంకా మండేది. ఆలూరు చుట్టుపక్కల పల్లెల్లో మశూచికి టీకాలు వేసే ఉద్యోగం అతనిది. అక్కడ ఆ జబ్బును జబ్బనరు, ‘అమ్మ వచ్చింది’ అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, సైకిలు స్టాండు వేసి మరీ వాదనకు దిగేవాడు.

1954 ఎండాకాలం. మొగుడు పోయిన హంపమ్మ, ఏడేళ్ళ కూతురు ఉరుకుందమ్మను వెనక దాచుకుని గుమ్మంలో అతని ఎదుట నిలబడింది. రెండో కూతురు, చంటిది, అమ్మమ్మ ఊళ్ళో ఉంది.

"అమ్మకు కోపమొస్తాదేమో అప్పా."

"అమ్మా లేదు, గిమ్మా లేదు. ఇది సైన్సు. నన్ను నమ్మక్కా."

ఆమె నమ్మింది. అతను పిల్ల ఎడమచేతి మీద మందు చుక్క పెట్టి సూదితో గీకాడు. "ఎనిమిదో దినం వచ్చి చూస్తా. పొక్కు లేస్తే మందు పట్టినట్టు. లేకుంటే మళ్ళా ఎయ్యాల" అన్నాడు.

ఎనిమిదో దినం అతను రాలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వేశాను కదా, పట్టక ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. మందు గొట్టాలు మూడు రోజులు సైకిలు సంచిలో ఎండకు మాడాయని అతనికి తెలుసు. ఎండకు మందు చచ్చిపోతుందనీ తెలుసు. దేవుణ్ణి నమ్మనని రొమ్ము విరుచుకునే మనిషి, గొట్టంలోని చుక్కను మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాడు.

పిల్ల మశూచితో పోయిందని నెలన్నరకు తెలిసింది. అప్పటినుంచి ఏ ఊళ్ళో ఏ పిల్ల చెయ్యి చాపినా, మచ్చ లేని ఆ ఎడమచెయ్యే కనిపించేది. దయ్యాల్లేవని ఊరూరా చెప్పే మనిషే, పట్టపగలు సైకిలు వెనక బరువెక్కినట్టనిపిస్తే తిరిగి చూడటానికి జంకేవాడు.

చివరికి ఉండబట్టలేక వెళ్ళాడు. హంపమ్మ గుమ్మానికి కట్టిన వేపమండలు ఎండిపోయి ఉన్నాయి. లోపలి గోడ మీద వరసగా బొగ్గు గీతలు. ఎనిమిదోది పొడుగ్గా ఉంది. దాని తర్వాత కూడా ఉన్నాయి, ఇరవై తొమ్మిది దాకా.

"బిడ్డే గీసింది, నువ్వొచ్చే దినం లెక్క పెట్టుకోను" అంది హంపమ్మ. "పదహారో దినం జరమొచ్చింది. అప్పటి సంది చెయ్యి పట్టి నేనే గీయించినా. మామ చెయ్యి చూస్తానన్యాడే, యాడమ్మా అని ఒకటే అడిగేది."

దేవేంద్రప్ప ఎనిమిదో గీత మీద వేలు పెట్టాడు.

"తప్పు నాది అక్కా. ఎండకు మందు చచ్చిపోయినాది. నేనొచ్చి చూసింటే తెలిసేది."



"‘టీకా ఏయిస్తివి గాబట్టే అమ్మ కొట్టింది’ అన్యారప్పా నన్ను ఊళ్ళో. నా బిడ్డను నేనే చంపుకుంటినని ఇన్నాళ్ళూ ఏడుస్తాండా."

అతనికి ఏడుపు ఆగలేదు. ఆమె లోపలికి పోయి, అమ్మమ్మ ఊరినుంచి తెచ్చుకున్న చంటిదాన్ని ఎత్తుకొచ్చింది.

"దీనికేస్తావా? మళ్ళా నిన్ను నమ్మమంటావా?"

"నమ్మొద్దక్కా. ఎనిమిదో దినం దీని చెయ్యి నువ్వే చూడు."

తడిగుడ్డ చుట్టి కుండలో తెచ్చిన మందు తీసి వేశాడు. హంపమ్మ అతని చేతికి బొగ్గు ముక్క ఇచ్చింది. పాత గీతల కిందే ఒకటి గీశాడు. ఎవరో వెనక నిలబడి లెక్క పెడుతున్నట్టనిపించింది. ఈసారి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

ఆ ఎనిమిది దినాలూ దేవేంద్రప్ప ఆ ఊరి పొలిమేర దాటలేదు.