పాల దుకాణం బోర్డు

గౌలిపుర సందు మలుపులో రామ్‌చందర్ పాల దుకాణానికి పేరు రాసిన బోర్డు లేదు. నందిని ఉండగా బోర్డు దేనికి? బడి నుంచి రాగానే పదకొండేళ్ల కూతుర్ని గల్లా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, మలాయి తేలే పాల గ్లాసు చేతికిచ్చేవాడు. బొద్దు బుగ్గల పిల్ల గటగటా తాగుతుంటే, చూసినవాళ్లు పాలు చిక్కనివేనని నమ్మి లీటరు బదులు లీటరున్నర పోయించుకునేవాళ్లు. ఆ ఇంట్లో ఇది తాత నాటి పద్ధతి. చిన్నప్పుడు ఆ స్టూలు మీద రామ్‌చందరే కూర్చునేవాడు.

ఒకరోజు బళ్లో పిల్లలందరికీ ఆరోగ్య పరీక్షలు చేసి, నందిని చేతికి ఒక చీటీ ఇచ్చి పంపారు. బీపీ ఎక్కువగా ఉంది, డాక్టరుకు చూపించండి అని.

"పిల్లలకు బీపీ ఏంది? మిషిన్ ఖరాబైనట్టుంది," అని కొట్టిపారేశాడు రామ్‌చందర్. వాళ్లమ్మ ఆండాలు కూడా కొడుకుకే వంత పాడింది. "నా బంగారానికి దిష్టి తగిలింది," అని గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఇంట్లో పిల్లకు మేలు చేసిన ఉప్పు ఆ గుప్పెడే. మిగతాదంతా పచ్చళ్లలోకీ మిక్చర్ పొట్లాల్లోకీ పోయేది.

భార్య వీణ మాత్రం వినలేదు. ఇద్దర్నీ ఆస్పత్రికి బయల్దేరదీసింది. డాక్టరమ్మ నందినిని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, బీపీ మిషిన్ పట్టీల్లో ఆమె చేతికి సరిపోయే చిన్నది వెతికి కట్టింది.

"ఎక్కువే ఉంది. కానీ ఒక్కరోజు చూసి తేల్చం. ఇంకో రెండుసార్లు రావాలి," అని రామ్‌చందర్ వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎవరికైనా బీపీ ఉందా? చిన్న వయసులో గుండెజబ్బుతో పోయినవాళ్లు ఉన్నారా?"

"ఎవ్వరికి లేదు మేడం," అన్నాడు, అడిగీ అడగకముందే.

నిజానికి వాళ్ల నాన్న నలభై నాలుగేళ్లకే పాల క్యాను ఎత్తుతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఇంట్లో దాన్నీ దిష్టి కిందే జమకట్టారు. రెండేళ్ల కిందట బస్తీలో పెట్టిన క్యాంపులో రామ్‌చందర్‌కే బీపీ ఉందన్నారు. పదిరోజులు గోళీలు మింగి, బాగానే ఉంది కదా అని మానేసి, మిగిలినవి నెయ్యి డబ్బా వెనక దాచాడు. బలం అమ్ముకునేవాడికే జబ్బుందంటే ఆ పాలు ఎవరు తాగుతారని అతని భయం. భార్యకు కూడా చెప్పలేదు.

ఉప్పు తగ్గించమని, పచ్చళ్లూ పొట్లాలూ మాన్పించమని, రోజూ గంటసేపు ఆడించమని డాక్టరమ్మ చెప్పింది. పాలు తాగొచ్చుగానీ మలాయి వద్దంది. పాపం, నందిని ఒక్కటీ తప్పలేదు. సందులో తాడాట మొదలుపెట్టింది. రెండోసారి చూసినప్పుడు కాస్త తగ్గింది, ఇంకా ఎక్కువే ఉంది.

ఆ సాయంత్రం పాలకొచ్చిన ఆగమ్మ స్టూలు వైపు చూసి నవ్వింది. "ఏంది రామ్‌చందరన్నా, పిల్ల గిట్ల గుంజుకపోయింది? పాలల్ల నీళ్లు గిట్ల కలుపుతున్నవా?"

వేళాకోళమేగానీ ఆ మాట రామ్‌చందర్‌కు ముల్లులా గుచ్చుకుంది. ఆమె అటు పోగానే గ్లాసు నిండా మలాయి వేసి కూతురి ముందు పెట్టాడు.

"ఇయ్యాల ఒక్కరోజు తాగు బిడ్డా. ఏం గాదు."

నందిని గ్లాసు ముట్టలేదు. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

"వద్దు బాపు. తిని తిని నేనే తెచ్చుకున్న. ఇంట్ల ఎవ్వరికి లేదని నువ్వే చెప్పినవ్ గదా. నాకొక్కదానికే వచ్చిందంటే తప్పు నాదే గదా."

తన పరువు కోసం రామ్‌చందర్ ఆడిన అబద్ధాన్ని పసిది ఇన్నాళ్లూ నెత్తిన మోస్తోంది. సిగ్గుతో అతని తల వాలిపోయింది. గ్లాసు తీసి మలాయి మోరీలో పారబోశాడు.

మూడోసారి ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న పట్టీ చేతిలోకి తీసుకోగానే, "ఆగుండ్రి మేడం. ముందు నాకు కట్టుండ్రి," అన్నాడు. జేబులోంచి పాత గోళీల అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "అబద్ధం చెప్పిన. మా బాపు నలభై నాలుగేండ్లకే గుండె ఆగి పోయిండు. నాకు రెండేండ్ల సంది బీపీ ఉంది. గోళీలు బంద్ చేసిన."

వీణ ఆ గోళీల అట్ట తీసుకుని తిప్పి చూసింది. డాక్టరమ్మ పెద్ద పట్టీ అందుకుంది.

"అయితే నేనొక్కదాన్నే తెచ్చుకోలేదా బాపు?" అంది నందిని.

"లేదు బిడ్డా. నా దగ్గర్నుంచి గూడ వచ్చింది. నువ్వేం తప్పు జెయ్యలే. చెప్పకపోవుడు నా తప్పు."

ఆ పిల్ల దగ్గరికొచ్చి ఒకదాని మీదొకటి వేసుకున్న తండ్రి కాళ్లు సరిచేసింది. "కాళ్లు కిందికి పెట్టు బాపు. మాట్లాడకు. మాట్లాడితే ఎక్కువ చూపిస్తది."

రామ్‌చందర్ మాట ఆపాడు. ఏడుపు మాత్రం ఆపుకోలేకపోయాడు.